ధ్యానం చేస్తున్నా ఇంట్లోవాళ్ల మీద ప్రేమ కలగడం లేదు, నటిస్తున్నట్టుంది. ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తయ్యగారు. నాలుగు నెలల క్రితం పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లి వచ్చారు. మొదటి వారం ఇల్లంతా ప్రశాంతంగా అనిపించింది. ఇప్పుడు పొద్దున్నే ధ్యానం చేసి లేచిన పావుగంటకే పిల్లల మీద అరుస్తున్నారు. అందరి సుఖాన్నీ కోరుకునే మైత్రీ భావనలో "అత్తయ్య సుఖంగా ఉండాలి" అనుకుంటుంటే అబద్ధం చెబుతున్నట్టు ఉందన్నారు. "నాలో ప్రేమ లేదేమో, ఉన్నట్టు నటిస్తున్నానేమో" అన్న మీ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాదాపు ఇరవై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే మాట అనుకున్నాను.

నా సంగతి కొంచెం చెబుతాను. ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 2004లో వనస్థలిపురం దగ్గరున్న ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రంలో మొదటి శిబిరం చేశాను. నేను శిబిరాలు నడిపే ఆచార్యురాలిని కాదు. ఇంటి పనీ, బడి పనీ, మంచంలో ఉన్న పెద్దాయన సేవా చేసుకుంటూ దీన్ని వదలకుండా పట్టుకుని వచ్చిన మనిషిని. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

మీరు శిబిరంలో ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి గంట. రోజుకి పది గంటలకు పైగా కూర్చోవడం. ఎవరితోనూ మాట లేదు, సైగ లేదు, కళ్లలోకి చూడటం కూడా లేదు. ఫోను లేదు. అన్నం ఎవరో వండిపెట్టారు. మూడున్నర రోజులు ముక్కు దగ్గర శ్వాసని గమనించారు, తర్వాత ఒంట్లో కలిగే సంవేదనల్ని గమనించారు. మైత్రీ భావన మాత్రం పదో రోజున నేర్పారు. అంటే మిగతా మనుషుల వైపు మనసు తిరిగింది చివర్లో. అప్పటికి అందరూ మెత్తబడి ఉన్నారు, ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు. ఇంట్లో ఈ వరస తలకిందులవుతుంది. కళ్లు తెరవగానే మనుషులే. ఒకరికి సాక్స్ కనపడవు, ఒకరికి కాఫీ చల్లారిపోయింది, మీకు ఎనిమిదిన్నరకి మీటింగు. శిబిరంలో మీరు ఎప్పుడూ సాధన చేయని పనిని ఇల్లు రోజూ పొద్దున్నే మీ ముందు పెడుతోంది. మీ సాధన వృథా పోలేదు. సగం అయింది. మిగతా సగం నేర్చుకునే చోటు మీ ఇల్లే.

పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో కరణీయ మెత్త సుత్తం అని, మైత్రి గురించి పది గాథల చిన్న పాఠం ఉంది. దాని వెనక పాత వ్యాఖ్యానాల్లో ఒక కథ చెబుతారు. కొందరు భిక్షువులు వానాకాలం గడపడానికి ఒక అడవికి వెళ్లారట. అక్కడి చెట్ల మీది దేవతలకి వీళ్ల రాక నచ్చలేదు. భయంకరమైన రూపాలు చూపించి, చప్పుళ్లు చేసి బెదరగొట్టారు. భిక్షువులు పరుగున బుద్ధుడి దగ్గరికి వచ్చి వేరే చోటు చూపించమన్నారు. ఆయన వేరే చోటు చూపించలేదు. ఈ గాథలు నేర్పి అదే అడవికి తిరిగి పంపాడు. శిబిరం నుంచి ఇంటికి తిరిగొచ్చే ప్రతి ఆడమనిషినీ చూస్తే నాకు ఆ కథే గుర్తొస్తుంది.

ఆ గాథల్లో, తల్లి తన ఒక్కగానొక్క బిడ్డను ప్రాణం అడ్డుపెట్టి కాపాడుకున్నట్టు అన్న పోలిక చాలామందికి తెలుసు. దాని తర్వాత రెండో గాథని ఎక్కువమంది దాటేస్తారు. "తిట్ఠం చరం నిసిన్నో వా, సయానో వా" అని మొదలవుతుంది. నిలబడినా, నడుస్తున్నా, కూర్చున్నా, పడుకున్నా, మెలకువగా ఉన్నంతసేపూ "ఏతం సతిం అధిట్ఠేయ్య", ఈ సతిని నిలుపుకోవాలి అంటాడు. అప్పటిదాకా చెప్పిందంతా మైత్రి గురించి. దాన్ని పట్టుకుని "ఈ సతి" అన్నాడు. సతి అంటే ఎరుక. మీరు మూడున్నర రోజులు ముక్కు దగ్గర చేసిన ఆనాపానసతిలో ఉన్న సతే. మనం మైండ్‌ఫుల్‌నెస్ ఒక సబ్జెక్టు, ప్రేమ ఇంకో సబ్జెక్టు అన్నట్టు విడివిడిగా నేర్చుకుంటున్నాం. ఆ గాథ రెండింటికీ ఒకే పేరు పెట్టింది.

తెలుగు టీచరుని కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పోతన ప్రహ్లాదుడి గురించి "పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్" అని రాసిన పద్యం క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తాగుతూ, తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, నిద్రపోతూ, తిరుగుతూ కూడా ఆ పిల్లవాడి ధ్యాస ఒక్కచోటే ఉంది. ఎరుక గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో ఎరుకతో చేయవలసిన పనుల పట్టీ కూడా దాదాపు ఇదే: తినడం, తాగడం, నడవడం, నిద్రపోవడం, మేలుకోవడం, మాట్లాడటం, మాట్లాడకుండా ఉండటం. తేడా ఒక్కటే. ప్రహ్లాదుడు ఆ ధ్యాసలో లోకాన్ని మరిచిపోయాడు. పిల్లల తల్లి మరిచిపోకూడదు.

మన భాషకి ఈ సంగతి ముందే తెలుసు. "మీ అమ్మగారిని ఎవరు చూసుకుంటున్నారు?" అని అడుగుతాం. చూడటమే ప్రేమ అయింది ఆ మాటలో. "నెల రోజులు ఆస్పత్రిలో కనిపెట్టుకుని ఉన్నాడు" అంటాం. అక్కడా కన్నే. ప్రేమ దొరకని ఇంటి గురించి చెప్పేటప్పుడు మన ఆడవాళ్లు "నన్నెవరూ పట్టించుకోలేదు" అంటారు. ఈ చూడటానికి ఎదురు మాట పరధ్యానం. ధ్యానం ఉంది, కాకపోతే ఇంకెక్కడో ఉంది. మీరు టిఫిన్ బాక్సు కడుతూ ఎనిమిదిన్నర మీటింగులో ఉన్నారు. అప్పుడు పాప "అమ్మా" అంటే ఆ పిలుపు అడ్డంకిలా వినిపిస్తుంది. మీ కోపం చాలావరకు అక్కడ పుడుతోందని నా అనుమానం.

అందుకే ప్రేమ తెచ్చుకోమని మీకు చెప్పను. తెచ్చుకుంటే వచ్చేది కాదు అది. చూడమని చెబుతాను. చూడటం మన చేతిలో ఉంది.

పాల దగ్గర మొదలుపెట్టండి. మీ ఇంట్లో పాలు రోజూ ఎవరో ఒకరు కాస్తారు కదా, ఆ పని మీరు తీసుకోండి. ఫోను హాల్లో పెట్టి రండి. స్టవ్ ముందు నిలబడి, పాలు పొంగు వచ్చేదాకా పాలనే చూడండి. కొన్ని నిమిషాల పని. మొదట ఏమీ జరగదు. తర్వాత అంచుల వెంట చిన్న బుడగలు, మీగడ పొర ముడత పడటం, అడుగు నుంచి సన్నని గురగుర, ఆ పొర ఒక్కసారిగా ఉబ్బడం. ఇవన్నీ చూస్తున్నప్పుడు రెండు పాదాలూ నేల మీద ఉన్న సంగతి తెలుస్తూ ఉండాలి. మనసు ఆఫీసుకి పోతుంది, తీసుకురండి. యాభైసార్లు పోతే యాభైసార్లు తీసుకురండి. గీత ఆరో అధ్యాయంలో "యతో యతో నిశ్చరతి" అన్న శ్లోకం చెప్పేది ఇదే. మనసు ఎటు పోతే అటు నుంచి వెనక్కి తెమ్మంటాడు. పోయినందుకు దాన్ని తిట్టమని అక్కడ లేదు.

పాల దగ్గరే ఎందుకంటే, కోపం పొంగే తీరు కూడా అలాగే ఉంటుంది. నాకు కోపం నోట్లో మొదలవదు. ముందు పై కడుపులో ఒక ముడి. తర్వాత దవడ బిగుసుకుంటుంది. ఊపిరి పైపైనే ఆగిపోతుంది. చెవులు వేడెక్కుతాయి. ఆ తర్వాతే మాట. మీకు వరస వేరుగా ఉండొచ్చు, భుజాల్లోనో అరచేతుల్లోనో మొదలవొచ్చు. తల నుంచి పాదాల దాకా సంవేదనల్ని చూడటం నేర్చుకున్నారు కదా, ఆ విద్య అక్కరకొచ్చేది ఇక్కడే. పాలు పొంగుతుంటే వాటిని తిట్టం, మూత పెట్టి నొక్కం. మంట తగ్గిస్తాం, లేదంటే నాలుగు చుక్కలు నీళ్లు చిలకరిస్తాం. కోపానికి మంట తగ్గించడం అంటే, పీల్చుకున్నదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. అది శరీర ధర్మం, దానికి మన నమ్మకంతో పనిలేదు. అలాంటి ఊపిర్లు మూడు చాలు. నీళ్లు చిలకరించడం అంటే చోటు మారడం. "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని చెప్పి బాల్కనీలోకి వెళ్లి రావడం. చెప్పి వెళ్లాలి. చెప్పకుండా విసురుగా వెళ్తే పిల్లలకి అది కూడా అరుపులాగే తగులుతుంది.

అయినా కొన్ని రోజులు పొంగిపోతాయి. పొంగితే స్టవ్ తుడుచుకుంటాం కదా. అరిచిన అరగంటలోపు బిడ్డ పక్కన కూర్చుని "ఇందాక గట్టిగా అరిచాను, భయపడ్డావా?" అని అడగండి. "నువ్వు అలా చేశావు కాబట్టి" అని తోక తగిలించకండి. నేను మా అమ్మాయితో ఇది ఆమె పదో తరగతిలో ఉండగా మొదలుపెట్టాను. ఒకటో తరగతిలో మొదలుపెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక మీ అసలు ప్రశ్న, అత్తయ్యగారు. దీనికి మా మామగారి సంగతి చెప్పాలి.

ఆయనకి 2006లో పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. నాలుగేళ్లు మంచంలో ఉన్నారు. నా పెళ్లయిన కొత్తలో, మా నాన్న ఎదురుగా, నలుగురిలో, కట్నం గురించి ఆయన ఒక మాట అన్నారు. దాన్ని ఇక్కడ రాయలేను. ఇరవై ఏళ్లు ఆ మాటని లోపల పెట్టుకుని ఆ ఇంట్లో అన్నం వడ్డించాను. ఆయన మంచాన పడేనాటికి నేను ధ్యానం మొదలుపెట్టి రెండేళ్లయింది. రోజూ కూర్చునేదాన్ని. మైత్రిలో ఆయన్ని తలుచుకునేదాన్ని. గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. అచ్చం మీరు రాసినట్టే.

రాత్రిపూట ఆయనకి అన్నం పెట్టడం నా వంతు. మెత్తగా పిసికిన అన్నంలో చారు పోసి చెంచాతో పెట్టేదాన్ని. పరీక్షల రోజుల్లో ఒడిలో ఆన్సర్ పేపర్లు పెట్టుకుని, ఎడమ చేత చెంచా, కుడి చేత ఎర్ర పెన్ను. రెండు పనులూ ఒకేసారి అయిపోతున్నాయని సంతోషపడేదాన్ని కూడా. ఒక రాత్రి కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగు పేపర్లు దిద్దడానికి చాలలేదు. చేసేదేమీ లేక ఆయన ముఖం చూశాను. ఆ ముఖాన్ని నేను ఎన్నేళ్లుగానో సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది. చెంచా రావడానికి చాలా ముందే నోరు తెరిచి ఎదురుచూస్తున్నారు. మెతుకులు కుడి పక్కకి పోతే నాలుక తోయలేకపోతోంది, అందుకని తల కొంచెం ఎడమకి వంచి నమిలే ఉపాయం ఆయనే కనుక్కున్నారు. చెంచా అందుకునేటప్పుడు పెదాలు బలంగా మూస్తున్నారు. ఎందుకో కాసేపటికి గానీ అర్థం కాలేదు. చారు నా చేతి మీద కారకుండా.

ఆ మనిషి రోజూ అంత జాగ్రత్త తీసుకుంటున్నారు. నేను పేపర్లు దిద్దుతున్నాను.

అప్పుడు నాకు కన్నీళ్లు రాలేదు, ప్రేమ పొంగిపొర్లలేదు. చెయ్యి నెమ్మదించింది, అంతే. ఆయన మింగేదాకా ఆగి ఇంకో చెంచా పెట్టాను. మర్నాటి నుంచి పేపర్లు వేరే గదిలో పెట్టాను. నాలుగు రోజుల్లో, మధ్యమధ్య ఆయనకి ఒక గుక్క మజ్జిగ కావాలని తెలిసింది. దోసకాయ పప్పు వాసన తగిలితే కళ్లు ఎలా వెలుగుతాయో తెలిసింది. నలుగురిలో అన్న ఆ మాట పోలేదు, ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ మాట అన్న మనిషీ, నా చెయ్యి కాలకుండా పెదాలు మూసే మనిషీ ఒక్కరేనని, రెండూ నిజాలేనని నాకు రోజూ తెలుస్తూ వచ్చింది. 2010లో ఆయన పోయారు. చివరి ఏడాది మైత్రిలో ఆయన్ని తలుచుకుంటే ముల్లు గుచ్చుకోలేదు. అది ఏ రోజున పోయిందో నేను చెప్పలేను.

కాబట్టి మైత్రీ భావనలో అత్తయ్యగారిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇది నా సొంత సలహా కూడా కాదు. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు అనే బౌద్ధ పండితుడు విశుద్ధిమార్గం అన్న గ్రంథంలో దీనికి వరస చెప్పాడు. విరోధం ఉన్న మనిషితో మొదలుపెట్టవద్దు, కోపం రేగుతుంది. మరీ ప్రాణమైన మనిషితోనూ వద్దు, వాళ్లకి చిన్న కష్టం వస్తే చాలు ఏడుపొస్తుంది. ముక్కూమొహం తెలియని మనిషితో మొదలుపెట్టినా మనసు అలసిపోతుంది. ముందు నీతో మొదలుపెట్టు అంటాడు. నేను సుఖం కోరుకుంటున్నట్టే ప్రతి ప్రాణీ కోరుకుంటుంది అనడానికి నీకు నువ్వే సాక్షివి కదా. తర్వాత గురువులాంటి గౌరవం ఉన్న మనిషి, తర్వాత ఆప్తులు, తర్వాత ఏ సంబంధమూ లేనివాళ్లు, చివరికి విరోధి. విరోధి దగ్గర కోపం వస్తే మళ్లీ ముందువాళ్ల దగ్గరికి వెళ్లి మనసుని మెత్తబరుచుకుని రమ్మంటాడు. మీరు పై మెట్టు మీద కాలు పెట్టి జారారు. దాన్ని నటన అనుకోకండి.

మాటల సంగతి. శిబిరంలో విన్న వాక్యాలు మీకు అతకకపోతే వదిలెయ్యండి. దండం పెట్టగానే మన అమ్మమ్మలు తల మీద చెయ్యి పెట్టి "చల్లగా ఉండు తల్లీ" అనేవాళ్లు. ఎండలు మండే నేల మీద పుట్టిన దీవెన అది. నాకు మైత్రీ భావన అంటే ఆ రెండు మాటలే. ముందు నాకు నేను, ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, "చల్లగా ఉండు". చాలామంది ఆడవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. తనకి తాను దీవెన చెప్పుకోవడం స్వార్థంలా అనిపిస్తుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటున్నవాళ్లకి మొదటి వడ్డన తమ కంచంలో చేసుకోవడం ఎంత ఇబ్బందో, ఇదీ అంతే. నెల రోజులు ఆ మెట్టు మీదే ఉండిపోయినా పరవాలేదు.

సంబంధం లేనివాళ్ల మెట్టు నాకు అన్నిటికంటే ఇష్టం. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, లిఫ్టులో మూడో అంతస్తులో దిగే ముసలాయన, పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు. వీళ్లతో మనకి పాత బాకీలేవీ లేవు. నేను పదకొండేళ్లు ఒకే రూట్లో ఆర్టీసీ బస్సులో బడికి వెళ్లాను. అందులో ఒక ఏడాది, టికెట్ ఇచ్చే కండక్టరుని చూసి రోజూ మనసులో "చల్లగా ఉండు నాయనా" అనుకున్నాను. ఆయనకి ఆ సంగతి తెలియదు. ఒక రోజు ఆయన బదులు వేరే మనిషి వస్తే నా నోటి నుంచి "ఆయనకేమైంది?" అన్న ప్రశ్న దానంతటదే వచ్చింది. ఆ ఏడాది కూర్చుని చేసిన ధ్యానం కంటే ఆ ప్రశ్న నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

విశుద్ధిమార్గంలోనే ఇంకో ఘట్టం ఉంది, దాన్ని మన ఆడవాళ్లకి ప్రత్యేకంగా చెబుతుంటాను. నువ్వు, నీ ఆప్తుడు, ఏ సంబంధమూ లేనివాడు, నీ విరోధి, నలుగురూ ఒకచోట కూర్చున్నారు. దొంగలు వచ్చి, బలి ఇవ్వడానికి మీలో ఒకరిని మాకివ్వు అన్నారు. ముగ్గురిలో ఎవరిని చూపినా మైత్రి ఇంకా పూర్తి కానట్టే. సరే, "నన్నే తీసుకెళ్లండి" అన్నా పూర్తి కానట్టే. నలుగురిలో ఏ ఒక్కరినీ ఇవ్వాలని తోచకపోతేనే హద్దులు చెరిగినట్టు. మనం పెరిగిన తీరులో "నన్నే తీసుకెళ్లండి" అనడాన్నే ప్రేమ అని నేర్పారు. వళ్లు హూనం చేసుకుని, ఆ అలసటని సాయంత్రం పిల్లల మీద కక్కి, మళ్లీ దానికి బాధపడటం. ఆ లెక్కలో మిమ్మల్ని కూడా కలుపుకోండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు తలుపు వేసుకుని పడుకోవడం మైత్రీ భావనలో భాగమే.

ఇక్కడే ఉపేక్ష గురించి. మైత్రి, కరుణ, ఎదుటివాళ్ల సంతోషానికి సంతోషించే ముదిత, ఏది వచ్చినా తొణకకుండా ఉండే ఉపేక్ష అని నాలుగూ కలిపి చెబుతారు. బౌద్ధంలోనే కాదు, పతంజలి యోగసూత్రాల్లోనూ ఈ నాలుగూ ఇదే వరసలో ఉన్నాయి. వాడుక తెలుగులో ఉపేక్షించడం అంటే నిర్లక్ష్యం చేయడం అయిపోయింది. అందువల్ల చాలామంది పట్టనట్టు ఉండటాన్ని సాధన అనుకుంటున్నారు. విశుద్ధిమార్గం ప్రతి గుణానికీ దగ్గరి శత్రువు ఒకటి ఉంటుందని హెచ్చరిస్తుంది, చూడటానికి ఆ గుణంలాగే ఉండి లోపల వేరుగా ఉండేది. ఉపేక్షకి దగ్గరి శత్రువు తెలియనితనం వల్ల వచ్చే ఆ పట్టనితనమే. మైత్రికి దగ్గరి శత్రువు రాగం, గుప్పిట్లో బిగించే మమకారం. మా అమ్మాయి డల్లస్ వెళ్లిన కొత్తలో రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి "తిన్నావా, స్వెటర్ వేసుకున్నావా" అని అడిగేదాన్ని. ప్రేమే అనుకున్నాను. నిజానికి నా భయాన్ని దాని భుజాల మీద పెడుతున్నాను. ఇప్పుడు ఆదివారం ఒక గంట మాట్లాడతాను, ఆ గంటా వింటాను.

మీ అత్తయ్యగారు వంటకి వంకలు పెడతారని రాశారు. వినండి. "రేపటి నుంచి మీ కూర ఉప్పు లేకుండా విడిగా తీసిపెడతాను, మిగతాది నా పద్ధతిలోనే ఉంటుంది" అని నెమ్మదిగా చెప్పండి. ప్రేమ ఉన్నచోట "కుదరదు" అన్న మాట ఉండకూడదని ఎక్కడా లేదు. ఒకవేళ వ్యవహారం మాటలు దాటి చెయ్యి చేసుకోవడం దాకా ఉంటే, అది వేరే విషయం. ధ్యానం చేస్తున్నారు కదా సర్దుకోండి అని ఎవరు చెప్పినా వినకండి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు గుండెదడ, పాత సంఘటనలు కళ్లముందు తిరగడం, నిద్ర పోకపోవడం లాంటివి ఉంటే బిగపట్టి కొనసాగించకండి. కళ్లు తెరిచి నడవండి, చేతితో ఏదైనా చల్లని గ్లాసు పట్టుకోండి. కొంతమందికి లోపలికి చూడటం ఆ సమయానికి మంచిది కాదు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు ధ్యానం చూసుకుని మందులు ఆపకూడదు, డాక్టరుని అడగకుండా పెద్ద శిబిరాలకి వెళ్లకూడదు. మాట్లాడటానికి ఎవరూ లేరనిపిస్తే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

శిబిరంలో పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమన్నారు, కుదరడం లేదని మీరు బాధపడుతున్నారు. ఆ సలహా మంచిదే, నేను రిటైరయ్యాక అలాగే చేస్తున్నాను. చిన్నపిల్లల తల్లిగా మీరు పొద్దున ఇరవై నిమిషాలు కూర్చోగలిగితే నా దృష్టిలో చాలు. గంట కూర్చోవాలని నిద్ర తగ్గించుకుంటే ఆ నిద్రలేమి కోపంగా తిరిగొస్తుంది. పాత సాధకులు కొందరు దీనికి ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా నేను ఇదే చెబుతాను.

వచ్చే రెండు వారాలు మూడే పనులు చేయండి. పొద్దున పాలు. తర్వాత గుమ్మం. పిల్లలు బడికి బయల్దేరేటప్పుడు మనందరం "జాగ్రత్తగా వెళ్లిరా" అంటాం, వాటర్ బాటిల్ వెతుకుతూ, వాచీ చూస్తూ. జాగ్రత్త అన్న మాటలో ఉన్నది మెలకువ. ఆ ఒక్క మాట అనేటప్పుడు మాత్రం చేతిలో ఏమీ లేకుండా, వంగి, పిల్లల కళ్ల ఎత్తుకి ముఖం తెచ్చి అనండి. పది సెకన్లు కూడా పట్టదు, ఆటో ఎక్కడికీ పోదు.

మూడోది సాయంత్రం. అత్తయ్యగారికి కాఫీ ఇచ్చి వెంటనే వెనక్కి తిరగకుండా, ఆవిడ తాగేంతసేపూ పక్కన కూర్చోండి. మంచి మాటలు వెతుక్కోవద్దు, ప్రేమ కోసం లోపల తవ్వుకోవద్దు. పాలని చూసినట్టే చూడండి. చెప్పిన కథే పదోసారి చెబితే, తొమ్మిదిసార్లలో మీరు వినని ముక్క ఏదైనా ఉందేమో వినండి. మోకాళ్ల నొప్పులన్నారు, లేచేటప్పుడు ముందు దేన్ని పట్టుకుంటారో చూడండి. రెండు వారాలయ్యాక నాకు ఒక్క సంగతి రాయండి. ఆవిడ కాఫీ గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటారు, వేడిగా ఉన్నప్పుడు పైటకొంగుతో పట్టుకుంటారా, లేకపోతే చల్లారేదాకా కింద పెట్టి చూస్తూ కూర్చుంటారా?